కాకి వాలింది, తాటిపండు పడింది

మేడారం నుంచి తిరిగి వచ్చిన మూడో రోజున మా అమ్మాయికి గొంతు పట్టేసింది. 2024 ఫిబ్రవరి జాతర అది. మా అమ్మ మొక్కు ప్రకారం పిల్లను తక్కెడలో కూర్చోబెట్టి నిలువెత్తు బంగారం తూచాం. 31 కిలోల బెల్లం. జంపన్నవాగులో మునిగాం, రెండు రాత్రులు గుడారంలో పడుకున్నాం, కడుపునిండా దుమ్ము తిన్నాం. అంత జనంలో తిరిగి వచ్చాక గొంతు నొప్పి రావడం వింతేమీ కాదు. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాం, జ్వరం మాత్ర వేశాం. నాలుగు రోజుల్లో తగ్గింది, మరచిపోయాం.

శివరాత్రి వెళ్లిన వారానికి మా ఆవిడ పిల్లకు జడ వేస్తూ మెడ మీద ఒక ఎర్రటి చుక్క చూసింది. దోమ కుట్టిందనుకుంది. మర్నాటికి అలాంటివి వీపంతా ఉన్నాయి. వరుసగా లెక్కపెట్టుకుంటూ పోయి అరవై దాటాక ఆపేశాం. ఒక్కొక్కటి కందిగింజంత, మీద సన్నటి తెల్లని పొర. గోటితో మెల్లగా గీస్తే పొడిలా రాలింది. నీళ్లు పట్టలేదు, జ్వరం లేదు.

మా అమ్మ చూసీ చూడగానే ‘అమ్మవారు’ అంది. గుమ్మానికి వేపమండలు కట్టింది, వంటింట్లో పోపు మాన్పించింది. మందుల దుకాణంలో అడిగితే ‘తామర’ అని ఒక ట్యూబు చేతిలో పెట్టారు. తిప్పి చదివితే అందులో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, గట్టి స్టెరాయిడ్ మూడూ ఉన్నాయి. ఏ రోగమైనా మూడింటిలో ఏదో ఒకదానికి లొంగకపోతుందా అన్న లెక్క. స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. ఆ నిబంధన ఇంకా మా వీధికి చేరినట్టు లేదు.

చివరికి హనుమకొండలో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె వీపు ఒక్క నిమిషం చూసి, టార్చి తీసి పిల్లను నోరు తెరవమంది. ‘ఈ మధ్య గొంతు నొప్పి వచ్చిందా అమ్మా?’ అని అడిగింది. వీపు చూపిస్తే గొంతు అడుగుతుందేమిటని నేను మనసులో విసుక్కున్నాను. అదే ఆ రోజుకు అసలైన ప్రశ్న అని తరువాత తెలిసింది.

రోగం పేరు గటేట్ సోరియాసిస్. లాటిన్‌లో గట్టా అంటే బొట్టు. ఒంటి మీద ఎవరో చెయ్యి విదిలించి రంగునీళ్లు చల్లినట్టు బొట్లు బొట్లుగా వస్తుంది కనుక ఆ పేరు. ఎక్కువగా పిల్లల్లో, యువకుల్లో, గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా చేరిన రెండు మూడు వారాలకు మొదలవుతుంది. దూదిపుల్లతో గొంతు తుడిచి పరీక్షకు పంపితే అదే బాక్టీరియా దొరికింది. పది రోజులు పెన్సిలిన్ జాతి మాత్రలు రాసింది, ఒంటికి కొబ్బరినూనె రాయమంది. చీటీ ఇస్తూ రెండు మాటలు చెప్పింది. ‘ఈ మాత్రలు గొంతుకు. మచ్చలు చాలామందిలో వాటంతట అవే పోతాయి, రెండు మూడు నెలలు పట్టవచ్చు.’

నేను మొదటి మాట సగం విన్నాను. రెండో మాట అసలు వినలేదు.

జూన్‌లో బడి తెరిచే నాటికి వీపు తేటపడింది. ఈలోగా తరగతిలో పక్కపిల్లలు బెంచీ మారారట. సోరియాసిస్ అంటదని ఉపాధ్యాయుడినైన నేనే వెళ్లి నిలబడి చెప్పాల్సి వచ్చింది. చిత్రమేమిటంటే, నిజంగా అంటుకునేది గొంతులోని బాక్టీరియా. అది ఉన్నప్పుడు అందరూ పక్కనే కూర్చుని ఒకే సీసాలో నీళ్లు తాగారు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

మచ్చలు మాయం కావడం మొదలవగానే నేను ఊరంతా చాటాను. సోరియాసిస్‌కు మందు లేదంటారు గానీ అసలు రోగం గొంతులో ఉందట, యాంటీబయాటిక్ వేస్తే పోతుందట అని. స్టాఫ్ రూములో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, కాజీపేట ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడి ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పాను. మనకు తెలిసిన కొత్త సంగతి ఎదుటివారికి పనికొచ్చేలా కనిపిస్తే నోరు ఆగదు కదా.

మా వీధి మలుపులో ఒక దర్జీ ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా మా ఇంటిల్లిపాదికీ ఆయనే కుడుతున్నాడు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, చెవుల వెనక వెండి రంగు పొలుసులు. పదేళ్ల రోగం. గిరాకీ ఉన్నంతసేపూ పొడుగు చేతుల చొక్కా విప్పడు. ఉగాదికి బట్టలు ఇవ్వడానికి వెళ్లి, ‘అన్నా, నీకు కావలసింది పూతమందు కాదు’ అని మొదలుపెట్టాను. మూడు మాత్రల అజిత్రోమైసిన్ కోర్సు పేరు కూడా నేనే కాగితం మీద రాసిచ్చాను. మా అమ్మాయికి ఇచ్చిన మందు అది కానే కాదు. దుకాణాల్లో సులువుగా దొరుకుతుందని నాకు తెలిసిన పేరు, అంతే. ఆయన చదువుకున్నవాడి మాట కదా అని నమ్మాడు. నెలకొకసారి చొప్పున నాలుగుసార్లు వేసుకున్నాడు. ఎక్కడా ఎవరూ చీటీ అడగలేదు.

మే నెలాఖరుకు మోచేతులు సగం తేటపడ్డాయి. ‘సార్ చెప్పిన మందు’ అని ఆయన నలుగురికి చెప్పాడు, నేను పొంగిపోయాను.

మన పెద్దలు ఇలాంటిదానికి ఒక మాట పెట్టారు, కాకతాళీయం అని. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు పడింది. చూసినవాడు కాకి బరువుకే పండు రాలిందంటాడు. అది అప్పటికే ముగ్గి తొడిమ వదిలిన పండు. కాకి రాకపోయినా పడేది. మా అమ్మాయి వీపు ముగ్గిన పండు. ఆ రకం సోరియాసిస్ చాలామందిలో మూడు నెలల్లో దానంతట అదే పోతుంది. పెన్సిలిన్ దాని మీద వాలిన కాకి.

మరి దర్జీ మోచేతులు? పదేళ్ల పాతరోగం తనంతట తాను పోదు కదా అని మీరు అడగాలి. నేను ఆ ప్రశ్న ఆలస్యంగా వేసుకున్నాను. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మా వీధిలో మనిషి తిరగడు. గిరాకీ లేని ఆ వేళల్లో ఆయన చొక్కా విప్పి, మిషన్ వసారాలోకి లాక్కుని, బనీనుతో కూర్చుని కుడతాడు. ఎండ సగం చేతుల మీదే పడుతుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు సోరియాసిస్‌ను తగ్గిస్తాయి. ఆసుపత్రుల్లో అవే కిరణాలను లెక్కకట్టి దీపాలతో ఇస్తారు. చాలామందికి వేసవిలో తగ్గి చలికాలంలో తిరగబెట్టేది ఇందుకే. వరంగల్ ఎండ చేసిన పని మాత్రల ఖాతాలో పడింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి, లేకపోతే నేను రెండో వైపు బోల్తా పడతాను. గొంతుకూ చర్మానికీ ఉన్న సంబంధం కాకతాళీయం కాదు. అది గట్టి సంబంధం. స్ట్రెప్టోకాకస్ ఒంటి మీద ఎమ్ ప్రొటీన్ అనేది ఉంటుంది. దాని అల్లికలో కొన్ని ముక్కలు మన చర్మంలోని కెరటిన్ అనే ప్రొటీన్ అల్లికను పోలి ఉంటాయి. గొంతులోని టాన్సిళ్లలో ఆ బాక్టీరియాతో పోరాడటం నేర్చిన టి కణాలు అనే రక్షక కణాలు రక్తంలో పడి చర్మానికి చేరి, పోలికకు మోసపోయి సొంత ఇంటివాళ్ల మీదే లాఠీ ఎత్తుతాయి. ఆ దాడిలో చర్మకణాలు గాభరాగా పుట్టుకొస్తాయి. మామూలుగా నెల రోజులు పట్టే పొర మార్పిడి మూడు నాలుగు రోజుల్లో జరిగిపోతుంది. పూర్తిగా ఎదగని కణాలు ఒకదానిపై ఒకటి పేరుకున్నదే ఆ పొలుసు. గొంతు నొప్పి వచ్చిన పిల్లలందరికీ ఇలా జరగదు. హెచ్ఎల్ఏ-సి 06:02 అనే జన్యురూపం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. అదే గుడారంలో పడుకున్న మా అన్న పిల్లలకు గొంతు నొప్పి వచ్చి పోయింది, ఒక్క చుక్క లేదు.

చిక్కంతా ఇక్కడే. నిప్పు ఎక్కడ పుట్టిందో తెలియగానే దాన్ని ఎలా ఆర్పాలో తెలిసిపోయిందనుకుంటాం. గడ్డివాముకు అగ్గిపుల్ల వల్ల నిప్పు అంటుకుంది, నిజమే. వాము మండుతుండగా కిందపడ్డ అగ్గిపుల్లను వెతికి ఆర్పితే ప్రయోజనమేమిటి? చర్మం మీద చుక్కలు కనిపించే నాటికి దాడి చేసే కణాలు తయారై చర్మానికి చేరాయి. మాత్ర చంపగలిగేది బాక్టీరియాను. తప్పుదారి పట్టిన సొంత సైన్యాన్ని కాదు.

పైగా పొలుసు మీద సూక్ష్మజీవులు కొలువుంటాయి కనుక యాంటీబయాటిక్ పూస్తే మేలు అనుకునేవారు ఉన్నారు. అసలు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పగిలి, రాలి, గీక్కుని రక్తం వచ్చే సోరియాసిస్ చర్మానికి చీము పట్టడం అరుదు. పక్కనే ఎగ్జిమా ఉన్న మనిషికి తేలిగ్గా చీము పడుతుంది. సోరియాసిస్ చర్మం బాక్టీరియాను చంపే పెప్టైడులను, అంటే చిన్న ప్రొటీన్ ముక్కలను, తానే కుప్పలుగా తయారుచేసుకుంటుంది. వాటిలో ఒకటైన ఎల్ఎల్-37ను కొందరు రోగుల టి కణాలు శత్రువుగా భావించి దాని మీదికే వెళతాయట. కాపలా ఎక్కువై వచ్చిన రోగానికి ఇంకో కాపలావాడిని పెడతామంటే ఏమనాలి?

నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యాలు కూడా ఉన్నాయి. వాటిని దాచిపెడితే నేను ఉగాది నాటి మనిషినే అవుతాను. మన దేశంలోనే జరిగి 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో పాత సోరియాసిస్ ఉన్న 30 మందికి 48 వారాల పాటు విడతలు విడతలుగా అజిత్రోమైసిన్ ఇచ్చారు, మరో 20 మందికి విటమిన్ సి ఇచ్చారు. మాత్ర వేసుకున్నవారిలో ఎక్కువమందికి మంచి మేలు కనిపించింది. చదివినప్పుడు నేను కాసేపు గెలిచాననుకున్నాను. కానీ మొత్తం కలిపి యాభై మంది. అజిత్రోమైసిన్‌కు బాక్టీరియాను చంపే గుణంతో పాటు వాపును అణిచే గుణం కూడా ఉంది కాబట్టి, మేలు దేనివల్ల జరిగిందో ఆ లెక్కలోంచి విడదీయలేం. స్ట్రెప్టోకాకస్‌ను అణిచే చికిత్సలతో సోరియాసిస్‌కు జరిగిన పరీక్షలన్నింటినీ, వైద్య పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి తూచే కొక్రేన్ సంస్థ 2019లో జల్లెడ పట్టింది. నిబంధనలకు నిలిచినవి 5 పరీక్షలు, మొత్తం 162 మంది. వాటితో అవునని గానీ కాదని గానీ గట్టిగా చెప్పలేమని తేల్చింది. ‘పనిచేయదు’ అని ఆ మాటకు అర్థం కాదు. ఇంటింటికీ తిరిగి చాటే ధైర్యాన్ని మాత్రం ఆ మాట ఇవ్వదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఐస్‌లాండ్ వైద్యులు 2012లో ప్రచురించిన పని. గొంతు నొప్పి వచ్చినప్పుడల్లా సోరియాసిస్ ముదిరే 29 మందిని ఎంచుకున్నారు. ఎవరిని పడితే వారిని తీసుకోలేదు, అదే దాని అందం. 15 మందికి టాన్సిళ్లు తీశారు, 14 మందిని మామూలుగా గమనించారు. తీసినవారిలో 13 మందికి 30 నుంచి 90 శాతం వరకు తగ్గింది. టాన్సిలే బడి అయితే, బడి మూసేస్తే కొత్త సైన్యం తయారు కాదన్నమాట. అలాగని రేపే వెళ్లి టాన్సిళ్లు తీయించుకోమని నేను ఎవరికీ చెప్పను. అదీ కత్తి వైద్యమే, దాని ముప్పులు దానికున్నాయి. అడగవలసిన ప్రశ్న మాత్రం తేటగా కనిపిస్తుంది. ‘నీకు సోరియాసిస్ ఉందా’ అన్నంతటితో ఆగితే చాలదు, ‘నీ సోరియాసిస్ గొంతును పట్టుకుని వేలాడుతోందా’ అని అడగాలి. దర్జీని నేను ఆ ప్రశ్న అడగలేదు. ఆయనకు గొంతు నొప్పి వచ్చి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

మరి గొంతులో బాక్టీరియా దొరికిన పిల్లకు మాత్రలు దండగా? కానే కాదు. అక్కడ పెన్సిలిన్‌కు వేరే పని ఉంది. చికిత్స లేని స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పి కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరానికి దారితీసి గుండె కవాటాలను పాడుచేస్తుంది. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల లోపు పెన్సిలిన్ మొదలుపెడితే ఆ ముప్పు తప్పుతుంది. మేము ఉప్పునీళ్లతో సరిపెట్టి ఆ తొమ్మిది రోజులు దాటించామని తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది. అదృష్టం, ఏమీ కాలేదు. ఇన్ని దశాబ్దాలు వాడినా ఈ బాక్టీరియా పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. అజిత్రోమైసిన్ కుటుంబానికి మాత్రం చాలాచోట్ల ఎదురు తిరుగుతోంది. నేను కాగితం మీద రాసిచ్చిన మందు గొంతుకైనా మొదటి వరస మందు కాదు.

అలాగని ప్రతి గొంతు నొప్పికీ మాత్ర వేయమని కాదు. ఎక్కువ గొంతు నొప్పులు వైరస్‌లవే. రక్తంలో ఏఎస్ఓ అనే ప్రతిరక్షకం ఎక్కువగా ఉందని కాగితం చూపించి నెలల తరబడి మాత్రలు వేసుకునేవారు మా స్టాఫ్ రూములోనే ఒకరున్నారు. ఆ పరీక్ష ఎప్పుడో వచ్చిపోయిన స్ట్రెప్టోకాకస్ ఆనవాలు చెబుతుంది. ఇప్పుడు గొంతులో ఏముందో చెప్పేది దూదిపుల్ల పరీక్షే. యాంటీబయాటిక్ అట్టల మీద నిలువు ఎర్రగీత చూసే ఉంటారు. చీటీ లేకుండా కొనవద్దని ఆ గీత అర్థం, 2016లో ఆరోగ్యశాఖ దాని మీద ప్రచారం కూడా చేసింది. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా 12.7 లక్షల మంది నేరుగా చనిపోయారని అంచనా. ఆ పాపంలో నా వాటా దర్జీ మింగిన పన్నెండు మాత్రలు.

దర్జీ కథ మేలో ఆగలేదు. కార్తీకమాసం వచ్చేసరికి పొలుసులు రెట్టింపయ్యాయి, నడుము దాకా పాకాయి. నేను ఇంకో కోర్సు వేసుకోమన్నాను. అవును, అప్పుడు కూడా అన్నాను. సంక్రాంతి ముందు ఒక చొక్కా తెచ్చుకున్నాను, గుండీల కాజాలు వంకరగా ఉన్నాయి. ఇరవై ఏళ్లలో ఎన్నడూ చూడని వంకర. అడుగుదామని వెళితే ఆయన చెయ్యి చూపించాడు. చూపుడువేలు మొదలు నుంచి కొస దాకా దొండకాయలా ఉబ్బి ఉంది. పొద్దున లేచిన గంట వరకు వేళ్లు మడతపడవని, సూదిలో దారం కూతురే ఎక్కించి ఇస్తోందని చెప్పాడు. బొటనవేలి గోరు మీద చిన్న చిన్న గుంటలు. దర్జీలు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే అంగుస్తానా మీద ఉంటాయి చూడండి, సరిగ్గా అలాంటి గుంటలు. అంగుస్తానా పక్కనే ఆ గోరు పెట్టి చూపిస్తే ఏది ఇనుమో ఏది గోరో ఒక్క క్షణం తెలియలేదు.

సోరియాసిస్ ఉన్నవారిలో 30 శాతం దాకా రోగం కీళ్లకు పాకవచ్చు. గోటి గుంటలు దాని ముందస్తు జాడల్లో ఒకటి. ఆలస్యం చేస్తే కీలు అరిగి వంకరపోతుంది, పోయింది తిరిగి రాదు. ఆ గుంటలు ఉగాదికే ఉన్నాయట. గొంతు తప్ప మరోటి కనబడని నేను ఆయన చెయ్యి చూడలేదు. నా సలహా మాత్రలతో పోయి ఉంటే బాధ లేదు. సరైన మందు మొదలుపెట్టవలసిన తొమ్మిది నెలలను మింగేసింది.

ఆ వారమే ఆయనను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు చేసి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని నర్సమ్మ మూడుసార్లు చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించింది. ఇంటికి వచ్చి ఆ మందు చరిత్ర తిరగేస్తే మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఎదురయ్యారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధనల్లోనే అమినోప్టెరిన్, దాని దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ పుట్టాయి. కీళ్లవాపు రోగులకు అమినోప్టెరిన్ ఇస్తుంటే వారిలో సోరియాసిస్ తగ్గుతోందని 1951లో గమనించారు. సుబ్బారావు అప్పటికే లేరు, 1948లో పోయారు. అదే 1948లో ఆయన పర్యవేక్షణలోని ఆ ప్రయోగశాలల నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా లోకానికి వచ్చింది. బాక్టీరియాను చంపే మందూ, తిరగబడ్డ సొంత సైన్యాన్ని అణిచే మందూ రెండూ ఒకే తెలుగువాడి నీడలో తయారయ్యాయి. ఏది ఎవరికో తేల్చుకోవడం మన వంతు. నేను తప్పు సీసా అందుకున్నాను.

మొన్న శ్రావణంలో ప్యాంటు కుదించడానికి ఇవ్వబోయి దుకాణంలో కాసేపు కూర్చున్నాను. మిషన్ చెక్క మీద సుద్దతో గీతలు వరుసగా ఉన్నాయి. ఆదివారం ఆదివారం మాత్ర వేసుకోగానే ఒక గీత పెడతాడట, మరచిపోయి రెండోసారి వేసుకోకుండా. పొడుగు చేతుల చొక్కా లేదు. ‘అన్నా, ఆ రోజు నేను అలా చెప్పకుండా ఉండాల్సింది’ అన్నాను. ఎన్నో రోజులుగా కూడబలుక్కున్న మాట. ఆయన కొలతల టేపు మెడలోంచి తీస్తూ, ‘మీరు మంచికే చెప్పారు సార్, నేను కూడా అడగకుండానే మింగాను’ అన్నాడు. తరువాత బొటనవేలు నా కళ్లకు దగ్గరగా పెట్టి సుద్దముక్క మొనతో గోటి మధ్య చూపించాడు. మొదట్లో సగం నున్నగా ఉంది, కొసవైపు సగం ఇంకా అంగుస్తానాలాగే ఉంది.

‘ఇక్కడి దాకా కొత్తది సార్’ అన్నాడు.